నాగా, సెలవు, రజా: తోటపనోళ్ళ మాటల్లో మిగిలిన చరిత్ర

పనికి పోని రోజుకి మన ఇండ్లలో మూడు మాటలున్నాయి. ముసలోళ్ళు "నాగా పడింది" అంటారు. ఆంధ్రా వైపు చదువుకున్న చుట్టాలు "సెలవు పెట్టినాను" అంటారు. కన్నడ బడిలో చదివిన మా తరం "రజా వేసినాను" అంటుంది. మూడింటినీ ఒకటే అనుకుని వాడేస్తుంటాం. కానీ కొంచెం గమనిస్తే మూడూ ఒకటి కావు. మన కుటుంబంలో రెండు తరాలు బెంగళూరులో తోటపని చేసి బతికినారు కాబట్టి, ఆ పని వైపు నుంచి ఈ మాటల కథ రాసి పెడుతున్నాను. చింతామణి, బాగేపల్లి, ముళబాగిలు వైపు నుంచి బెంగళూరుకి వచ్చిన తెలుగు ఇండ్లలో చాలామందికి ఇది తెలిసిన కథే అయ్యుంటుంది.

ముందు మాటల సంగతి. సెలవు అంటే అసలు అర్థం అనుమతి. "స్వామివారు సెలవిచ్చినారు" అంటే ఆజ్ఞ ఇచ్చినారని. "ఇంక సెలవు తీసుకుంటాం" అంటే పొయ్యేదానికి ఒప్పుకోమని అడగడం. రజా అనే మాట అరబ్బీ నుంచి హిందుస్తానీ, మరాఠీల దారిలో కన్నడానికి వచ్చింది. దాని అర్థం కూడా సమ్మతే. అంటే ఈ రెండు మాటల్లోనూ ఇంకొక మనిషి ఉన్నాడు. ఆయన సరే అంటేనే ఆ రోజు నీది.

నాగా అట్లా కాదు. అది కూడా హిందుస్తానీ నుంచి వచ్చిన మాటే, కానీ అందులో అనుమతి ఇచ్చే మనిషి లేడు. వరసగా పోతున్న లెక్కలో ఒక రోజు ఖాళీ పడింది, అంతే. పాలోడు రాకపోయినా నాగానే, కూలోడు రాకపోయినా నాగానే. ఖాళీ పడిన రోజుకి డబ్బు లేదు. జరమొచ్చిందా, పెండ్లికి పోయినాడా, తాగి పడుకున్నాడా అనేది ఆ లెక్కకి అక్కర్లేదు.

తోటపనోళ్ళ చరిత్ర అంటే నాకు తోచేది ఇదే: జబ్బు చేసిన రోజు నాగా నుంచి సెలవుగా మారడానికి ఎంత కాలం పట్టింది, ఎంతమందికి మారింది, ఎవరికి మళ్ళీ నాగా అయిపోయింది.

తోట పేరు ఒకరిది, చెయ్యి ఒకరిది

బెంగళూరు తోటల చరిత్ర అంటే లాల్‌బాగ్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టినాడు, టిప్పు పెంచినాడు. 1799 తర్వాత కంపెనీ చేతికి పోయింది. 1856లో సర్కారు వారి బొటానికల్ గార్డెన్ అయింది. లండన్ దగ్గర క్యూ తోటలో పని నేర్చుకున్న దొరలు వచ్చినారు. 1874 నుంచి 1908 దాకా జాన్ కామెరాన్, ఆ తర్వాత 1932 దాకా జర్మనీ మనిషి క్రుంబీగల్, ఆయన వెనక హెచ్.సి. జవరాయ, మరిగౌడ. 1889లో గాజుమనెకి పునాది రాయి పడింది. కామెరాన్ కాలంలోనే సీమె వంకాయని ఈ ఊర్లో బాగా పెంచడం మొదలయిందని చెప్తారు. ఆంధ్రాలో దాన్ని బెంగళూరు వంకాయ అంటారు కదా, ఆ పేరు వెనక ఉన్నది ఈ తోటే.

ఈ పేర్లన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. గుంతలు తవ్వినోళ్ళ పేర్లు దొరకవు, కానీ వాళ్ళు ఏ గుంపు మనుషులో ఊరికంతా తెలుసు. బెంగళూరు తోటపనికి వెన్నెముక తిగళ జనం. తిగళరపేట, లాల్‌బాగ్ చుట్టుపక్కల పేటలు, చెరువుల కింది కూరగాయల తోటలు అన్నీ వాళ్ళ చేతుల కింద నడిచినవే. తమిళ మూలం అని చెప్పుకుంటారు, కానీ చాలా ఇండ్లలో తమిళం, తెలుగు, కన్నడం కలిసిపోయిన మాట వినబడుతుంది. మా తాత ఈ ఊరికి వచ్చినప్పుడు ఆయన్ని పనిలో పెట్టుకున్నది ఒక తిగళ మేస్త్రీనే. మన తెలుగు, ఆయన తెలుగు వేరే వేరే. అయినా పని మాటలు ఒకటే: పాది, మడి, కాలువ, అంటు, తొట్టి.

ఈ గుంపుకి ఎవర్నీ అడగక్కర్లేని రజా ఒకటుండె. చైత్ర పున్నమి కరగ. ధర్మరాయస్వామి గుడి నుంచి రాత్రి కరగ బయల్దేరే ముందు ఎన్నో రోజుల నుంచి వీరకుమారుల వ్రతం, నియమం ఉంటాయి. ఆ రోజుల్లో మేస్త్రీ గుంపు తోటకి రాదని బంగళా అయ్యగార్లకి, అమ్మగార్లకి అందరికీ తెలుసు. చైత్రమంటే ఎండాకాలం. అందుకని ముందు రోజుల్లోనే పాదులు నిండా తడిపి, మీద ఎండాకు కప్పి పొయ్యేవాళ్ళని తాత చెప్పేవాడు. ఏ కాగితం లేకపోయినా అది నిజమైన సెలవు. ఎందుకంటే అది గుంపుకంతా ఒకేసారి వచ్చేది, ముందే తెలిసేది, మొక్కకి ఏర్పాటు చేసే పొయ్యేవాళ్ళు.

జబ్బు అట్లా కాదు. అది ఒక మనిషికే వస్తుంది, చెప్పి రాదు.

ముండ్లు, పాలు, పాములు

తోటపని అంటే చల్లని పని, పూల మధ్య పని అని బయటోళ్ళకి అనిపిస్తుంది. తోటపనోళ్ళు ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే వినాలి. సగం మాటలు మొక్కల గురించి, సగం దెబ్బల గురించి.

"ఏమప్పా, నిన్న రాలేదే?"

"చెయ్యి వాచిపోయిందన్నా. కాగితంపూల కంప కొట్టినాం కదా మొన్న."

"ముల్లు లోపలుండిపోయుంటాది చూడు. రోజాకి ఎరువేసినారా?"

"ఏసినారు. నాకే నాగా పడింది."

ఇట్లా ఉంటుంది ఆ మాట తీరు. రోజా గురించి అడిగేది, చెయ్యి గురించి అడిగేది ఒకే ఊపిరిలో. ఇందులో నవ్వులాట ఉన్నా, వెనక ఉన్న ప్రమాదాలు చిన్నవి కావు.

ముల్లు సంగతే తీసుకుందాం. గుచ్చుకున్న ముల్లు కంటే దాంతో లోపలికి పోయే మట్టి చెడ్డది. ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి మట్టిలో, పేడలో ఏండ్ల తరబడి బతికి ఉంటుంది. గుర్రపులద్ది, పేడ ఎరువు చేత్తో కలిపే తోటమాలికి అది పక్కనే ఉన్న శత్రువు. మా అవ్వ గాయానికి గడ్డిచామంతి ఆకు నలిపి రసం పిండేది. నెత్తురు ఆగేది నిజం. కానీ ధనుర్వాతాన్ని ఆపేది ఆకురసం కాదు, టీకా. రోజా ముల్లు దారిలో చర్మం కిందికి దూరే ఒక బూజుజాతి జబ్బు కూడా ఉంది. చేతి మీద వరసగా గడ్డలు లేస్తాయి. డాక్టర్లు దానికి రోజాతోటమాలి జబ్బనే పేరు పెట్టినారు.

తర్వాత పాలు. జిల్లేడు, జెముడు కాండం విరిస్తే కారే తెల్లపాలు కంట్లో పడితే చూపు మసకబారుతుంది. దేవుడికి జిల్లేడు పూలు కోసే వాళ్ళకి ఇది బాగా తెలుసు. కోసిన చేత్తో కన్ను నలపొద్దని పిల్లలకి మొదట నేర్పే పాఠం అదే. గన్నేరు, మన బెంగళూరు మాటలో కణగిలె, ప్రతి రోడ్డు మధ్యలో, ప్రతి కాంపౌండు పక్కన ఉంటుంది. ఆకు, పువ్వు, కాండం అన్నీ విషమే. కొమ్మలు నరికినాక చెయ్యి కడక్కుండా అన్నం తినకూడదు.

పాముల్లో తోటపనోళ్ళు ఎక్కువ భయపడేది రక్తపింజరికి. కన్నడంలో కొళకు మండల అంటారు. ఎండాకుల రంగులోనే ఉంటుంది, మనిషి అలికిడికి పక్కకి జరగదు, చేత్తో ఆకులు ఎత్తేవాడికి దగ్గరికొచ్చేదాకా కనబడదు. 2000 నుంచి 2019 దాకా లెక్కలు తీసిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం మన దేశంలో పాముకాటుతో ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయినారు. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసున్న అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కరిచింది ఎక్కువగా పల్లెల్లో, పొలం పని చేసేవాళ్ళని. అదే మనుషులు పట్నానికి వచ్చి తోటపనిలో చేరితే, కత్తెర, గొట్టం కొత్తవి అయినాయి కానీ కాళ్ళకి చెప్పులు పాతవే.

వయ్యారిభామ వచ్చిన కాలం

వీటన్నిటినీ మించి మా తాత తరాన్ని ఏడిపించింది ఒక కలుపుమొక్క. తెలుగులో దానికి వయ్యారిభామ అని ముద్దు పేరు. కన్నడంలో కాంగ్రెస్ గిడ. అమెరికా గోధుమలతో పాటు ఓడల్లో వచ్చిందని ఎక్కువమంది చెప్తారు. 1950ల మధ్యలో పూణే దగ్గర కనబడి, అక్కడి నుంచి దేశమంతా పాకింది. కాంగ్రెస్ పేరు ఎందుకంటే, ఆ పార్టీ ప్రభుత్వం కాలంలో వచ్చింది కాబట్టి అని కొందరు, తెల్లటి పూలగుత్తి గాంధీటోపీ లాగుంటుంది కాబట్టి అని కొందరు. ఒక్క మొక్క పదివేలకు పైగా విత్తనాలు రాలుస్తుంది. ఖాళీ సైటు, రైలుకట్ట, చెరువుగట్టు ఏదీ వదల్లేదు. కొత్త లేఅవుట్లు లేస్తున్న బెంగళూరులో ఖాళీ సైట్లకి కొదవా?

దాన్ని పీకాల్సింది తోటపనోళ్ళే. వట్టి చేత్తో పీకేవాళ్ళు. మొదటి ఏడాది ఏమీ కాదు. రెండో ఏడాదో, మూడో ఏడాదో ఒళ్ళు దానికి ఎదురు తిరుగుతుంది. కనురెప్పలు వాచిపోతాయి, మెడ మడతలు, మోచేతి మడతలు నల్లబడి పగుళ్ళు వారి రసి కారుతుంది. ఎండ తగిలితే ఇంకా మంట. కొందరికి ఉబ్బసం. ఒకసారి ఒళ్ళు పట్టిందంటే ముట్టుకోనక్కర్లేదు, గాలిలో దాని పొడి ఉంటే చాలు. ప్రతి ఏడూ వానలు పడి అది లేచిన కాలంలో జబ్బూ లేస్తుంది.

మా తాతకి 1970ల చివర్లో ఇది పట్టింది. మొహం చూసి వీధిలో పిల్లలు భయపడేవాళ్ళని మా నాయన చెప్తాడు. ఇది ధనుర్వాతం లాగ చంపే జబ్బు కాదు, జరం లాగ మూడు రోజుల్లో పొయ్యేదీ కాదు. ఏడాదికి రెండు మూడు నెలలు మనిషిని మూల కూర్చోబెడుతుంది. అంటే రెండు మూడు నెలల నాగా. దానికి తోడు, పని మానుకుంటేనే తగ్గుతుంది, పని మానుకుంటే ఇల్లు జరగదు.

శాస్త్రం వైపు నుంచి ఒక చిన్న సాయం బెంగళూరులోనే పుట్టింది. మెక్సికోలో ఈ మొక్క ఆకుని మాత్రమే తినే చారల పెంకుపురుగు ఒకటుంది. 1983లో దాన్ని తెప్పించి, వేరే పంటల్ని ముట్టదని పరీక్షించి, 1984లో బెంగళూరులో వదిలినారు. వానాకాలంలో అది ఆకుల్ని జల్లెడ చేస్తుంది, ఎండాకాలంలో మట్టిలో దూరి పడుకుంటుంది. మొక్క పోలేదు, కానీ చాలా చోట్ల దాని పొగరు తగ్గింది. తర్వాతి ఏండ్లలో తాత ఒంటి మీద మచ్చలు మిగిలినా మొహం వాపు తగ్గింది. పురుగు వల్లనో, పనికి తక్కువ పోవడం వల్లనో చెప్పలేం. ఆయన మాత్రం ఆ పురుగు కనబడితే కాలు పక్కకి తీసి నడిచేవాడు.

బదులు మనిషి

ఆ రెండు మూడు నెలలు ఇల్లు ఎట్లా జరిగింది? ఇక్కడే పాత తోటపని పద్ధతి ఒకటి తెలుసుకోవాలి. ఫ్యాక్టరీలో ఒక మనిషి రాకపోతే మిషన్ ఆపి పెట్టొచ్చు. ఆఫీసులో ఫైలు రేపటికి పెట్టొచ్చు. నారుమడికి ఏప్రిల్ నెలలో ఒక రోజు నీళ్ళు తప్పితే మరుసటి రోజు పోసి లాభం లేదు. మొక్కకి రజా తెలీదు. కాబట్టి తోటపనిలో మనిషికి సెలవు కావాలంటే ముందు మొక్కకి మనిషి కావాలి.

ఆ మనిషిని బదులు మనిషి అనేవాళ్ళు. తమ్ముడో, బామర్దో, పదమూడు పద్నాలుగేండ్ల కొడుకో పొయ్యి నిలబడేవాడు. మస్టర్‌లో పేరు తాతదే, నీళ్ళు పోసింది చిన్నతాత. కూలి ఇంటికే వచ్చేది. మేస్త్రీ చూసీ చూడనట్టు ఉండేవాడు, ఎందుకంటే ఆయనకి కావాల్సింది పాది తడవడం. మా నాయన తొమ్మిదో క్లాసులో నెలన్నర బడి మానింది ఇట్లానే. తర్వాత మళ్ళీ బడికి పొయ్యి చదువుకున్నాడు కాబట్టి ఇది మన ఇంట్లో సంతోషంగా చెప్పుకునే కథ అయింది. తిరిగి పోనోళ్ళ ఇండ్లలో దీన్ని ఎట్లా చెప్పుకుంటారో తెలుసు కదా.

ఈ పద్ధతిని మంచిదని పొగడను. జబ్బు ఖర్చంతా ఇంటి మీదే పడేది, అందులోనూ ఇంట్లో చిన్నవాడి మీద. కానీ ఒక సంగతిని అది సరిగ్గా పట్టుకుంది: మొక్కకి బదులు మనిషి, మనిషికి కూలి, రెండూ కలిసే ఉండాలి. తర్వాత వచ్చిన చట్టాలు రెండోదాన్ని పట్టుకున్నాయి, మొదటిదాన్ని వదిలేసినాయి.

చట్టం తోటలోకి వచ్చిన దారి

బ్రిటిష్ ఇండియాలో 1923లో వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం వచ్చింది. పనిలో దెబ్బ తగిలితే పరిహారం. కానీ అందులో చేరే పనులకి ఒక పట్టిక ఉండె: ఫ్యాక్టరీలు, గనులు, రైళ్ళు, ఓడలు ఇట్లాంటివి. బంగళా తోటలో పాది తవ్వేవాడు ఆ పట్టికలో లేడు. పైగా అది ఎక్కువగా దెబ్బలకే; పని వల్ల వచ్చే కొన్ని జబ్బులు తప్ప మామూలు జబ్బులకి కాదు.

జబ్బుకి డబ్బు అనే ఆలోచన గట్టిగా వచ్చింది 1944లో. బి.పి. అదార్కర్ అనే ఆర్థిక శాస్త్రవేత్త కార్మికుల ఆరోగ్య బీమా మీద రిపోర్టు ఇచ్చినాడు. దాని మీద 1948లో ఈఎస్‌ఐ చట్టం పుట్టింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో, ఢిల్లీలో అమలు మొదలయింది. కార్మికుడు కొంత, యజమాని కొంత కడితే, జబ్బు చేసిన రోజులకి జీతంలో భాగం, వైద్యం. జబ్బుతో నాగా పడిన రోజుకి డబ్బు వచ్చే దారి కూలి మనిషికి అట్లా ఏర్పడింది.

అయితే తోటమాలి కార్మికుడేనా? నూలు మిల్లులో నూలు వడికేవాడు కార్మికుడు, సరే. మిల్లు ఆఫీసర్ల బంగళాల్లో రోజాలకి నీళ్ళు పోసేవాడు? ఈ ప్రశ్న కూడా కాన్పూర్ నుంచే సుప్రీంకోర్టుకి పోయింది. అక్కడి ఒక పెద్ద నూలు మిల్లుకి, దాని మాలీలకి నడిచిన తగవు అది. న్యాయ పుస్తకాల్లో బద్రీ మాలి కేసుగా ఉంది. 1960ల మొదట్లో కోర్టు తేల్చింది ఏమంటే, ఆ బంగళాలు మిల్లువి, తోటపని మిల్లు పనికి అనుబంధమైన పనే, కాబట్టి మాలీలు కూడా మిల్లు కార్మికులే. తోటపనోళ్ళ చరిత్ర రాస్తే లాల్‌బాగ్ గాజుమనె పక్కన ఈ తీర్పుకి కూడా ఒక పేజీ ఇవ్వాలని నా అభిప్రాయం.

తర్వాత మధ్యలో కాంట్రాక్టరు వచ్చినాడు. 1978లో ఇది కూడా కోర్టుకి వచ్చింది, ఈసారి హైదరాబాద్ నుంచి. రాయల్ టాకీస్ కేసు. సినిమా హాల్లో క్యాంటీన్, సైకిల్ స్టాండు వేరే కాంట్రాక్టర్లు నడుపుతున్నారు, వాళ్ళ మనుషులకి ఈఎస్‌ఐ కట్టాల్సింది టాకీసు వాళ్ళా కాదా? జస్టిస్ కృష్ణయ్యర్ కట్టాల్సిందే అన్నాడు. ఆవరణలో జరిగే పని, ఆ సంస్థ పనికి తోడుగా జరిగే పని అయితే, మధ్యలో ఎవరున్నా ఆ మనిషి సంస్థ బాధ్యతే. సైకిలు స్టాండుకి వర్తించింది తోటకి కూడా వర్తిస్తుంది కదా.

సర్కారు తోటల్లో దారి వేరే. అక్కడ పర్మనెంటు మాలీలకి రజా ఉండె. పక్కనే అదే పని చేసే దినకూలీకి నాగానే. ఇక్కడ మన కర్ణాటకలోనే రెండు పెద్ద తీర్పులు పుట్టినాయి. 1990లో ధార్వాడ జిల్లా పి.డబ్ల్యు.డి. దినకూలీ నౌకర్ల కేసు. 1984 జూలై 1కి ముందు చేరి పదేండ్లు పూర్తి చేసినోళ్ళని పర్మనెంటు చేసే పథకం ఆ తీర్పుతో వచ్చింది. ఎన్నో శాఖల్లో వేలమంది ఇండ్లలో దీపం వెలిగించిన తీర్పు అది. 2006లో ఉమాదేవి కేసు. అది కూడా కర్ణాటక దినకూలీలదే. పద్ధతి ప్రకారం తీసుకోని మనుషుల్ని ఏండ్లు నిండినాయని పర్మనెంటు చెయ్యడం కుదరదని కోర్టు చెప్పింది, పదేండ్లు దాటిన కొందరికి మాత్రం ఒక్కసారికి మినహాయింపు ఇచ్చింది. ఆ తలుపు దాదాపుగా మూసుకున్నట్టే. కొత్తగా వచ్చే తోటమాలికి మిగిలిన దారి ఏజెన్సీ.

ఈ రోజు లెక్క

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రూలు ఎక్కడ పని చేస్తుందో చూడటం కంటే ఎక్కడ చెయ్యదో వెదకడం మా పని. కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల 1961 చట్టం కింద నాలాంటి ఆఫీసు ఉద్యోగికి జబ్బుకో, వేరే సరైన కారణానికో ఏడాదికి 12 రోజులు జీతంతో రజా. ఫోన్లో ఒక బటన్ నొక్కితే చాలు. నేను లేని రోజు నా పని ఇంకొకరు చూస్తారు, లేదా అది రేపటికి ఆగుతుంది. అదే ఆఫీసు కింద తోటలో పని చేసే మనిషికి ఏ రూలు అని ఈఎస్‌ఐ లెక్కని ఒక టెస్ట్ కేసు లాగ నడిపి చూసినా.

కాగితం మీద రూలు బాగుంది. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. నెలకి 21,000 దాకా జీతం ఉన్నోళ్ళకి. జబ్బు చేస్తే రోజు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. పనిలో దెబ్బ తగిలి మూలన పడితే 90 శాతం. వైద్యం మొదటి రోజు నుంచే.

ఇప్పుడు రూలు జారిపొయ్యే చోట్లు. ఒకటి, కొత్తగా చేరిన మనిషికి జబ్బు డబ్బు మొదలయ్యేది తొమ్మిది నెలల తర్వాత. రెండు, ఆరు నెలల కాలంలో కనీసం 78 రోజుల వాటా కట్టుండాలి. మనిషి వచ్చినా ఏజెన్సీ కట్టకపోతే లెక్క తప్పుతుంది, ఆ సంగతి జబ్బు చేసినప్పుడే బయటపడుతుంది. మూడు, జబ్బులో మొదటి రెండు రోజులకి డబ్బు లేదు. తోటమాలికి వచ్చే జరాలు, వాపులు ఎక్కువగా రెండు మూడు రోజులవే. నాలుగు, ఆ జబ్బు పని వల్ల వచ్చింది అని తేలితేనే 90 శాతం. పాముకాటుకి తేలుతుంది. వయ్యారిభామ దురదకి తేల్చడం కష్టం. తాతకి ఆ కాలంలో ఈ కార్డు ఉండింటే కూడా, మూడు నెలల నాగాలో ఎంత సెలవు అయ్యేదో నాకు అనుమానమే.

అన్నిటికంటే పెద్ద లోపం రూల్లో లేదు, కాంట్రాక్టు కాగితంలో ఉంది. మా అపార్ట్‌మెంట్లో చూసినాను. తోటకి ఇద్దరు మనుషులు అని రాసి ఉంటుంది. ఒకరు రాకపోతే అసోసియేషన్ ఆ రోజు బిల్లు కోస్తుంది. ఏజెన్సీ ఆ మనిషి కూలి కోస్తుంది. రెండో మనిషి ఇద్దరి పనీ చేస్తాడు, ఆయనకి ఎక్కువేమీ రాదు. మొక్కకి బదులు మనిషీ లేడు, మనిషికి కూలీ లేదు. మేస్త్రీ కాలంలో ఉన్న ఒక్క మంచీ పోయింది, చట్టం కాలంలో వచ్చిన మంచి చేతికి అందలేదు. అందుకే మా కింద తోటలో కదిరి వైపు నుంచి వచ్చిన ఆయన కూడా, కార్డు జేబులో పెట్టుకుని, మా అవ్వ మాటే అంటాడు: "నాగా పడిందప్పా."

మన కుటుంబాలు ఇప్పుడు ఎక్కువగా పాదు తవ్వే వైపు లేవు, బిల్లు కట్టే వైపు ఉన్నాయి. కాబట్టి మన చేతిలో ఉన్నవి కొన్ని చెప్తాను. అసోసియేషన్ మీటింగ్‌లో ఏజెన్సీని ప్రతి నెలా ఈఎస్‌ఐ కట్టిన రసీదు, మనుషుల పేర్లతో, చూపించమని అడగొచ్చు. కాంట్రాక్టు రేటులోనే నెలకి రెండు మూడు రోజుల బదులు మనిషి కూలి కలిపి రాయించొచ్చు. ఒక ఇంటికి అది నెలకి టీ డబ్బు కూడా కాదు. జబ్బు రోజుకి బిల్లు కోసే షరతు తీసేయించొచ్చు. చేతులకి మందం గ్లోవ్స్, కాళ్ళకి బూట్లు, ధనుర్వాతం టీకా అయిందా లేదా అని ఒక మాట. వయ్యారిభామని పూతకి రాకముందే, వానకి నేల మెత్తబడినప్పుడు, మొహానికి గుడ్డ కట్టుకుని పీకాలి. పూత పట్టినాక పీకితే పొడి అంతా పీకేవాడి మీదే పడుతుంది.

ఇంట్లో తోటపని చేసిన ముసలోళ్ళు ఇంకా ఉంటే, జబ్బు చేసినప్పుడు మీ బదులు ఎవరు పొయ్యేవాళ్ళని ఒకసారి అడగండి. ఆ పేరు ఏ మస్టర్‌లోనూ ఉండదు. మన ఇంట్లో అది మా చిన్నతాత, ఆ తర్వాత మా నాయన.